ఎండను కప్పు దగ్గరే ఆపుదాం

ఈ ఏడు కనిగిరిలోనో, పామూరులోనో, పొదిలి, దర్శి వైపు పల్లెల్లోనో కొత్త ఇల్లు మొదలుపెట్టబోయే వాళ్లతో మాట్లాడాలని వచ్చాను. స్థలం కొనేటప్పుడు తూర్పు ఫేసింగా, ఉత్తరం ఫేసింగా అని చూస్తాం. వాస్తు చూపించుకుంటాం, ముహూర్తం పెట్టించుకుంటాం. శ్లాబు పడకముందే టైల్స్ షాపులన్నీ తిరిగొస్తాం. కానీ ఏ గోడ మీద ఎండ ఎంతసేపు ఉంటుంది, మే నెల మధ్యాహ్నం ఈ గదిలో మనిషి పడుకోగలడా అని ప్లాను గీసే ఆయన్ని అడిగేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపించారు. మన మెట్ట ప్రాంతంలో ఇంటి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. 2015 మే నెలాఖరులో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పోయినవాళ్లలో కూలీనాలీ చేసుకునేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. ఎండలు ముదిరితే నీడపట్టున ఉండమని ముసలివాళ్లకు చెప్తాం. ఆ నీడ కూడా ఉడికిపోతుంటే వాళ్లు ఎక్కడికి పోవాలి? ఏసీ పెట్టించుకోగల ఇళ్లు కొన్నే. ఉన్నవాళ్లకైనా కరెంటు పోతే దిక్కు ఇల్లే.

ఎండ ఎటునుంచి వస్తుందో ముందు చూద్దాం. కనిగిరి భూమధ్యరేఖకు పదిహేనున్నర డిగ్రీల లోపు ఉత్తరాన ఉంది. అందువల్ల మే మొదటి రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకు నీడ దాని మొదట్లోనే పడుతుంది. ఆ తర్వాత కాస్త ఉత్తరానికి జరిగి, ఆగస్టు రెండోవారం నాటికి మళ్లీ నెత్తిమీదికి వస్తాడు. అంటే వేసవి పొడుగునా మన ఇళ్లమీద ఎండ ఎక్కువగా పడేది గోడల మీద కాదు, కప్పు మీద. గోడల్లో తూర్పు గోడ పొద్దున, పడమటి గోడ సాయంత్రం దెబ్బ తింటాయి. దక్షిణం గోడకు ఆ రోజుల్లో పెద్దగా ఎండే ఉండదు.

ఇప్పుడు మనం వేస్తున్న కప్పు ఏమిటి? నాలుగున్నర, ఐదు అంగుళాల శ్లాబు. పొద్దుటినుంచి ఎండను తాగుతుంది, పొద్దు గుంకాక ఆ వేడిని కిందికి కక్కడం మొదలుపెడుతుంది. రాత్రి పదింటికి ఫ్యాను వేసుకుంటే పైనుంచి వడగాలి కొడుతుంది. అందుకే మన ఊళ్లలో ఇప్పటికీ ఎండాకాలం మంచాలు డాబా ఎక్కుతాయి. లక్షలు పోసి కట్టుకున్న ఇంట్లో, సరిగ్గా అవసరమైన రెండు నెలలు మనం కప్పు కింద కాక కప్పు మీద పడుకుంటున్నాం.

పాత మిద్దెల్లో ఈ బాధ లేదు. కనిగిరి నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు పోతే పల్లెల్లో మట్టి మిద్దెలు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. గోడలు రాతివి, మూరెడు మందానికి తక్కువ ఉండవు. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, ఆపైన మట్టి తొక్కి, పైపొరగా చవుడు పోసేవాళ్లు. తడిస్తే చవుడు బిగుసుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. అంత మందాన్ని దాటుకుని ఎండ లోపలికి వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. లేనివాళ్లు కందికట్టె దడి కట్టి, రెండువైపులా మట్టి మెత్తి, పైన బోదగడ్డో తాటాకో కప్పుకునేవాళ్లు. అదీ చల్లగానే ఉండేది.

మరి ఎందుకు వదిలేశాం? ఇది నిజాయితీగా చెప్పుకోవాలి. దూలాలకు చెదలు పట్టేవి. ఏటా తొలకరికి ముందు చవుడు పోయించకపోతే కారేది. పూరిళ్లయితే ఒక్క నిప్పురవ్వకు వాడ వాడంతా తగలబడి, కుటుంబాలు కట్టుబట్టలతో రోడ్డున పడ్డ వేసవులు మన పెద్దవాళ్లందరికీ గుర్తే. శ్లాబు ఇల్లు కట్టుకున్న కూలి మనిషి ఆ ఇంటిని చూసుకుని గర్వపడటంలో న్యాయం ఉంది. మళ్లీ మట్టి ఇళ్లకు పొమ్మని పట్నంలో ఏసీ గదిలో కూర్చుని చెప్పే మాట నాకు నచ్చదు. శ్లాబు ఉండనీ. దాని మీద పడే ఎండను మాత్రం ఆపుదాం.

అన్నిటికంటే చవకైన ఉపాయం తెలుపు. హైదరాబాదులో ఐఐఐటీ పరిశోధకులు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వాళ్లు కలిసి పెద్ద భవనాల కప్పుల మీద దీన్ని కొలిచి చూశారు. నల్లటి కప్పుకు తెల్లపూత వేస్తే ఆ భవనాన్ని చల్లబరచడానికి అయ్యే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. మామూలు సిమెంటు కప్పుకయితే 10 నుంచి 19 శాతం తగ్గుతుందని లెక్క కట్టారు. ఏసీ ఉన్నచోట అది కరెంటు బిల్లులో కనిపిస్తుంది. లేనిచోట పడుకున్న మనిషి ఒంటికి తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, ప్రభుత్వ భవనాలకూ 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ దీన్ని తప్పనిసరి చేసింది. మనం చట్టం కోసం చూడనక్కర్లేదు. పిడుగురాళ్ల సున్నం మన పక్కనే దొరుకుతుంది. కప్పు శుభ్రంగా కడిగి, సున్నానికి కాస్త ఫెవికాల్ కలిపి రెండు మూడు పూతలు వేయించండి. వానలకు, దుమ్ముకు ఏడాదిలో మాసిపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. శివరాత్రికి చలి పోతుంది కదా, ఆ వారంలోనే ఈ పని పెట్టుకుంటే ఎండలు ముదిరేసరికి ఇల్లు సిద్ధంగా ఉంటుంది. ఏటా ఆ పని మనవల్ల కాదనుకుంటే టైల్స్ షాపుల వెనక పడి ఉండే పగిలిన తెల్ల టైల్స్ తెచ్చి ముక్కలుగా పరిపించండి. ఏళ్ల తరబడి ఉంటుంది. రేకుల ఇళ్లవాళ్లకు సున్నం ఒక్కటే చాలదు. రేకు మీద తెలుపు, రేకు కింద అటక లాంటి ఒక పొర, రెండూ కావాలి. రెండు పొరల మధ్య గాలి ఆడితేనే లోపల మనిషికి ఊపిరాడుతుంది. డాబా మీద తాటాకు పందిరి వేసినా, షేడ్‌నెట్ కట్టినా శ్లాబుకు గొడుగు పట్టినట్టే.

కొత్తగా శ్లాబు వేసేవాళ్లకు ఇంకో దారి ఉంది. శ్లాబు అడుగుభాగంలో కాంక్రీటు బరువే తప్ప బలం పెద్దగా ఇవ్వదు. అక్కడ చువ్వల మధ్య గళ్లలో పాత బంగాళా పెంకులు రెండేసి బోర్లించి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని అడ్డుకుంటుంది. దీన్ని ఫిల్లర్ శ్లాబు అంటారు. దీన్ని మన దేశంలో ఊరూరా తెలిసేలా చేసినవాడు లారీ బేకర్. ఇంగ్లండులో 1917లో పుట్టి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో అక్కడే కన్నుమూశాడు. ఇంటి చుట్టుపక్కల ఐదు మైళ్లలో దొరికే వస్తువులతోనే ఇల్లు కట్టాలన్న గాంధీజీ మాట తన పనికి దారి చూపిందని ఆయన చెప్పుకునేవాడు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్ కట్టుబడిని కూడా ఆయనే ప్రచారంలోకి తెచ్చాడు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి. గోడ మధ్య గాలి వేడిని ఆపుతుంది. మన తాపీ మేస్త్రీలకు ఇది రాని విద్య కాదు. మొదటి రెండు వరసలు పక్కనుండి కట్టిస్తే తర్వాత వాళ్లే చేసుకుపోతారు.

ఇక గోడల సంగతి. కాల్చిన ఇటుక అంటే పంట పండే పైమట్టి, దానికి తోడు బట్టీలో తగలబడే బొగ్గు, కట్టె. ఈ రెండూ లేకుండా ఇటుక చేసే పద్ధతిని రూపొందించిన శాస్త్రవేత్తలు మన తెలుగుగడ్డ మీదే ఉన్నారు. విశాఖపట్నంలో ఇన్స్వారెబ్ సంస్థ నడిపిన డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ థర్మల్ కేంద్రాల బూడిదను సున్నం, జిప్సంతో కలిపి, కాల్చకుండా, నీటితో తడిపి మాగబెట్టి గట్టి ఇటుక చేయవచ్చని చూపించారు. దానికి ఫాల్-జి అని పేరు. ఈ ఇటుకలు చేసే చిన్న చిన్న యూనిట్లు బొగ్గు కాల్చడం మానినందుకు ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి డబ్బు కూడా ఇచ్చింది. 1999లో కేంద్రం థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల బూడిద వాడకాన్ని తప్పనిసరి చేశాక ఈ పని ఊపందుకుంది. మన వాళ్లు వీటిని బూడిద ఇటుకలు, సిమెంటు ఇటుకలు అని పిలుస్తారు. కొనేటప్పుడు ఒకటి గమనించండి. బాగా తడిపి మాగబెట్టని ఇటుక గోరుతో గీకితే పొడి రాలుతుంది. అలాంటిది చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

మన కాళ్ల కింద ఉన్నది మాత్రం ఎర్రనేల. తూర్పున ఒంగోలు, పర్చూరు వైపు పోతే రేగడి. ఈ తేడా ఇంటికి చాలా ముఖ్యం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ ఊపుకు పునాదులు కదిలి, కొత్త గోడలు కూడా ఏటవాలుగా పగుళ్లు తీస్తాయి. పత్తికీ మిరపకూ మహాలక్ష్మి లాంటి ఆ నేల గోడకు మాత్రం పనికిరాదు. అక్కడ రూర్కీ భవన పరిశోధన సంస్థ రూపొందించిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులే క్షేమం. ఎర్రమట్టి అలా కాదు. ఇసుక పాలు తగినంత ఉంటే దానికి నూటికి ఐదు పాళ్లు సిమెంటు కలిపి, చేతి యంత్రంలో ఒత్తి, నీడలో తడుపుతూ నాలుగు వారాలు ఉంచితే చక్కటి దిమ్మె తయారవుతుంది. బట్టీ అక్కర్లేదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన అస్త్ర బృందం, పాండిచ్చేరి పక్కన ఆరోవిల్ వాళ్లు ఈ దిమ్మెలతో అంతస్తుల మీద అంతస్తులు కట్టి చూపించారు.

మీ మట్టి పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ల్యాబు దాకా పోకముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. కనిగిరిలో ఒక మేస్త్రితో కలిసి పునాది గుంట మట్టికి ఇది చేశాను. మూడడుగుల లోతు మట్టి తీసి, వేళ్లూ చెత్తా ఏరి, మూత ఉన్న గాజు సీసాలో మూడో వంతు పోశాం. నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి, బాగా కుదిపి కిటికీ గట్టు మీద పెట్టాం. నిమిషంలోపే అడుగున గరుకు ఇసుక దిగింది. ఆ పైన కొద్దిసేపటికి మెత్తటి ఒండు. బంకమన్ను మాత్రం నీటిని ఎర్రగా పట్టుకుని మర్నాటి దాకా తేలుతూనే ఉంది. తేరుకున్నాక మేస్త్రి సీసాకు స్కేలు ఆనించి, "సార్, సగానికి పైన ఇసుకే. ఇంత మట్టి మనం ట్రాక్టరుకు డబ్బులిచ్చి బయట పోయిస్తున్నాం కదా!" అన్నాడు. సగం ఇసుక, ఐదో వంతు బంకమన్ను, మిగతాది సన్నరాయి, ఒండు. దిమ్మెలకు ఇంచుమించు ఆ పాళ్లే కావాలి. బంకమన్ను మరీ ఎక్కువైతే ఇసుక కలుపుకోవాలి. అది అయ్యాక ఒక దిమ్మె చేసి ల్యాబులో బలం చూపించుకోండి. ఆ పరీక్ష మాత్రం మానొద్దు.

మన పత్తిచేలకు సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 2021 సెప్టెంబరులో హైదరాబాదు ఐఐటీ ప్రాంగణంలో ఒక చిన్న గది ప్రారంభమైంది. సెక్యూరిటీ గార్డు కూర్చునే గది. దాని గోడలు పంట వ్యర్థాలతో చేసిన బయో ఇటుకలు. ఐఐటీ డిజైన్ విభాగం పరిశోధక విద్యార్థి ప్రియబ్రత రౌత్రాయ్, భువనేశ్వర్ కిట్ సంస్థకు చెందిన అవిక్ రాయ్ కలిసి చేసిన పని ఇది. వరిగడ్డి, గోధుమగడ్డి, చెరుకు పిప్పి, పత్తి కట్టె, ఏది దొరికితే అది ఎండబెట్టి ముక్కలు కొట్టి, సున్నపు ముద్దలో కలిపి, అచ్చులో పోసి కొయ్యదిమ్మెతో దట్టిస్తారు. ఒకటి రెండు రోజులకు అచ్చు విప్పి ఇంకో రెండు మూడు వారాలు ఆరబెడతారు. నెలకు ఇటుక పనికొస్తుంది. కాల్చిన ఇటుక బరువులో ఎనిమిదో వంతే ఉంటుంది. వేడినీ చప్పుడునూ ఆపుతుంది. కప్పు బరువు మోయలేదు కాబట్టి ఇనుప ఫ్రేములో పేర్చారు, తడి తగలకుండా పైన సిమెంటు పూత వేశారు.

ఇది గుంటూరు, పల్నాడు, ప్రకాశం రైతుకు తెలియాల్సిన విషయం. పత్తి తీతలు అయిపోయాక కట్టె ఏం చేస్తున్నాం? కొంత పొయ్యిలోకి, ఎక్కువ భాగం చేలోనే మంటకు. చేలో వదిలేస్తే గులాబీరంగు పురుగు దాంట్లో తలదాచుకుని మళ్లీ పంటమీద పడుతుంది. తీయక తప్పని కట్టె, పక్కనే సున్నం. రెండూ ఉన్న చోట ఈ ఇటుక మీద ప్రయోగాలు ఇంత తక్కువగా జరగడం నాకు బాధగా ఉంటుంది. మన జిల్లాలో ఇంజనీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. చివరి ఏడాది పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు గురువులు మన చేను వైపు ఒకసారి చూడాలని వేడుకుంటున్నాను. మిరప కట్టెతో ఎలా ఉంటుందో, కందికట్టెతో ఎలా ఉంటుందో కొలిచి చెప్పాల్సింది ఈ నేల పిల్లలే. అలాగే పొదిలి మీదుగా ఒంగోలు పోయే దారిలో చీమకుర్తి దగ్గర గ్రానైటు కోయగా మిగిలిన రాళ్లు, మార్కాపురం పలకల క్వారీల్లో వ్యర్థాలు గుట్టలుగా పడి ఉన్నాయి. కాంక్రీటుకు ఏటి ఇసుక తవ్వే బదులు రాయి నలగ్గొట్టి చేసిన రోబో శాండ్ వాడుకోవడం మన మేస్త్రీలకు ఇప్పటికే అలవాటైంది.

వాస్తు మాట ఎత్తకుండా మన ఇళ్ల గురించి మాట్లాడితే అసంపూర్ణం. యజమాని పడకగది నైరుతిలో ఉండాలంటారు. సరే, ఉండనివ్వండి. కానీ సాయంత్రం ఎండ ఆ గదికీ తగులుతుంది. అందుకని ఆ గది పడమటి గోడను మందంగా కట్టించండి, కిటికీ మీద సన్‌షేడ్ రెండడుగులకు తగ్గకుండా వేయించండి, బయట ఒక కానుగో వేపో నాటండి. మెట్లూ బాత్‌రూమూ పడమటి వైపు పెట్టుకునే వీలుంటే అవే గదులకు అడ్డుగోడ అవుతాయి. నమ్మకాన్నీ వదలక్కర్లేదు, ఒంటినీ కష్టపెట్టక్కర్లేదు. గాలీ నీడా చూసుకుని కట్టినదానికి ఉదాహరణగా, హైదరాబాదులో 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. లోపల ఏముంది? మధ్యలో గుండ్రటి ముంగిలి, గాలి ఆడే జాలీలు, గాలిని చల్లబరిచి పంపే బురుజులు, కప్పు మీద పచ్చిక. మన మండువా లోగిలి తెలిసినవాళ్లకు అందులో సగం కొత్త కాదు.

చివరగా నీళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి నీళ్లలో ఫ్లోరైడ్ గురించి వైద్య పత్రికకు ఎక్కింది 1937లో. అప్పుడు మన తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి కాబట్టి ఆ నీళ్లవల్ల వచ్చే జబ్బు నెల్లూరు ఫ్లోరోసిస్‌గానే పుస్తకాల్లో ఉంది. ఇన్నేళ్లు గడిచినా మన పిల్లల పళ్ల మీద ఆ గార కనిపిస్తూనే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు దీనికి కొంతైనా విరుగుడు చేసుకోవచ్చు, ఎందుకంటే వాననీటిలో ఫ్లోరైడ్ బెడద లేదు. లెక్క చూడండి. వంద గజాల కప్పు అంటే దాదాపు 84 చదరపు మీటర్లు. వానలు సరిగా లేని ఏడు 500 మిల్లీమీటర్లే పడ్డా ఆ కప్పు మీద 42 వేల లీటర్లు కురుస్తాయి. అందులో కొంత ఎండకూ గోడలకూ పోయినా 33 వేలు మిగులుతాయి. ఐదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 25 లీటర్లు అనుకుంటే ఏడాదికి కావాల్సింది తొమ్మిది వేల లీటర్ల పైచిలుకు. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు సంపు కడితే పదివేల లీటర్లు పైనే పడతాయి. అక్టోబరు, నవంబరు వానలకు నిండితే మళ్లీ తొలకరి దాటేదాకా సరిపోతుంది.

దీనికి కొన్ని జాగ్రత్తలున్నాయి. తొలివాన నీళ్లలో కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి కాబట్టి వాటిని బయటికి వదిలేసేలా పైపుకు ఒక టీ జాయింటు, దానికి మూత పెట్టించండి. సంపులోకి పోయేముందు కంకర, ఇసుక, బొగ్గు పొరల గుండా నీళ్లు దిగాలి. సంపుకు వెలుతురు తగలకూడదు, దోమ దూరకూడదు. తాగేముందు కాచుకోవాలి. ఆ నీళ్లు పట్టే కప్పుకు రంగులు వేయించొద్దు, సున్నమో తెల్ల టైల్స్ ముక్కలో ఉండాలి. ఆస్‌బెస్టాస్ రేకుల మీది నీళ్లు తాగడానికి పట్టవద్దు. సంపు గుంట, కప్పు వాలు, పైపుల దారి పునాది గీతలు గీసే రోజే మేస్త్రికి చెప్పాలి. శ్లాబు పడ్డాక చెప్తే వాలు మార్చడం కుదరదు, గోడలు పగలగొట్టి పైపులు వేయాల్సి వస్తుంది.